కోటగుమ్మం ఉంది సరే, కోట ఏది? రాజమండ్రి యుద్ధాలు, కార్ఖానాల కథ తెలిసినవాళ్లు రాయండి

కోటగుమ్మం_కుర్రోడు
రాజమండ్రి అనగానే నన్నయ, వీరేశలింగం, పుష్కరాలు, రోజ్‌మిల్క్. అన్నీ మనవే, కాదనేవాడెవడు? కానీ నేను పుట్టి పెరిగింది కోటగుమ్మం పక్కన. వీధి మలుపు తిరిగితే కందకం రోడ్డు. గుమ్మం ఉందంటే వెనకాల కోట ఉండాలి. కందకం తవ్వారంటే అవతల ఎవడో శత్రువు కాచుకుని ఉండాలి. ఆ కోట ఎవరిది, ఎవరు పట్టుకున్నారు, ఎలా పోయింది అని మా వీధిలో పెద్దవాళ్లని అడిగితే సారంగధరుడి కథ చెప్తారు, చిత్రాంగి మేడ చూపిస్తారు, అంతే. మొన్న ఊరి చరిత్ర అని ఒక కరపత్రం చేతికొచ్చింది. సెంట్రల్ జైలు 1602లో డచ్చివాళ్లు కట్టిన కోట అని ఒక వాక్యం, ఆనకట్ట మీద రెండు వాక్యాలు, పేపర్ మిల్లు మీద సగం వాక్యం. మిగతాదంతా గుళ్లూ ఘాట్లూ. ఇన్ని సైన్యాలు తొక్కిన ఊరు, ఇన్ని యంత్రాలు తిరిగిన ఊరు ఇంతేనా? తెలిసినవాళ్లు రాయండి. కోట దగ్గర మొదలెడదాం.

గోదారిగట్టు
మంచి ప్రశ్న. డచ్చి కోట సంగతి నేనూ చాలాచోట్ల చదివాను. నిజమేనా అది?

శాసనాల_శారద
1602 కుదరదండి. డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1602లో. వాళ్లు మన తీరానికొచ్చి మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టుకునేసరికి 1605 దాటింది. పుట్టిన ఏడాదే, సముద్రానికి ఇంత ఎగువన, గోల్కొండ నవాబు ఏలుబడిలో ఉన్న ఊళ్లో కోట కట్టడానికి వాళ్లకి మనుషులేరీ, అనుమతి ఏదీ? జైలు గోడలు పాతవే కావచ్చు, ఆ సంవత్సరం మాత్రం పాతది కాదు, తప్పుది. గోదావరి జిల్లాల్లో డచ్చివాళ్ల జాగాలంటే పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ జగన్నాథపురం.

ఊరి కోట వాళ్లకంటే చాలా ముందుది. 1323లో ఓరుగల్లు పడిపోయింది. మరుసటి ఏడు 1324 తేదీతో రాజమండ్రి పెద్ద మసీదులో పారసీ శాసనం ఉంది. అంటే ఓరుగల్లు పడ్డ ఏడాది తిరక్కుండానే ఢిల్లీ సైన్యం ఇక్కడ పాతుకుపోయింది. తర్వాత రెడ్డిరాజులు ఇక్కణ్నుంచే ఏలారు. వాళ్ల చేతిలోంచి కటకం (ఒరిస్సా) గజపతులు లాక్కున్నారు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఈ దారినే వెళ్లాడు. 1571-72 ప్రాంతంలో గోల్కొండ వాళ్లు పట్టుకున్నారు. ఇన్ని చేతులు మారిన కోట తెలుగునాట ఎక్కువ లేవు.

గోదారిగట్టు
అన్నిసార్లు ఎందుకు మారింది? ఓరుగల్లులా రాతికోట కాదు, కొండవీడులా కొండ మీద కూడా లేదు.

కొవ్వూరోడు
రేవు అండీ రేవు. అవతలి గట్టు మీద ఉండేవాణ్ని, నేను చెప్తాను. పాపికొండల్లో గోదారి ఇరుకుగా, లోతుగా, వడిగా ఉంటుంది. పోలవరం దగ్గర కొండలు వదిలాక వెడల్పవుతుంది. ధవళేశ్వరం దాటిందంటే గౌతమి, వశిష్ఠ అని చీలిపోయి మధ్యలో లంకలూ పాయలూ, బురదా. పైన దాటాలంటే అడవి, కింద దాటాలంటే నాలుగు నదులు. ఏనుగులూ గుర్రాలూ బళ్లూ ఉన్న సైన్యం ఒకేసారి దాటి అవతల గట్టినేల మీద నిలబడాలంటే కొవ్వూరు, రాజమండ్రి మధ్యే. ఓరుగల్లు నుంచి కటకం వెళ్లినా, కటకం నుంచి విజయనగరం మీదకి వచ్చినా ఇక్కడ పడవలు ఎక్కాల్సిందే. అందుకే కోట రాతిదా మట్టిదా అన్నది తర్వాత సంగతి, రేవు ఎవడి చేతిలో ఉందన్నదే లెక్క.

శాసనాల_శారద
కొవ్వూరోడు గారి మాట నిజం. కోట ఎక్కువభాగం మట్టిదే. అందుకే ఊరు పెరిగి గోడలు కలిసిపోయాక పేర్లు మిగిలాయి.

సీతంపేట_శ్రీను
మట్టికోట అయితే ఫిరంగి దెబ్బకి రాతికోటకంటే బాగా తట్టుకుంటుంది కదా. గుండు మట్టిలో దిగబడిపోతుంది.

శాసనాల_శారద
తట్టుకుంటుంది. కాపలా కాసేవాళ్లు లోపల ఉంటే. 1758లో ఆ కాపలావాళ్లే లేరు.

చందుర్తి_చిన్నోడు
1758 అన్నారు కాబట్టి ఇక ఊరుకోలేను. మా ఊరు పిఠాపురం దగ్గర చందుర్తి. ఇంగ్లీషువాళ్ల పుస్తకాల్లో కాండోర్ యుద్ధం అని ఉంటుంది. మా పొలాల్లో జరిగింది అదే.

వెనక్కి వెళ్తే, 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని, అంటే మన కోస్తా జిల్లాల్ని, ఫ్రెంచివాళ్లకి రాసిచ్చాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ రాజమండ్రిని స్థావరం చేసుకున్నాడు. 1757 జనవరిలో బొబ్బిలి మీదకి వెళ్లింది ఆ బుస్సీ సైన్యమే. బొబ్బిలి కూలింది, ఆ వెంటనే డేరాలో బుస్సీ పక్షాన ఉన్న విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు హతమయ్యాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనందగజపతికి ఫ్రెంచివాళ్లంటే గిట్టలేదు. బుస్సీని దక్షిణాదికి పిలిపించుకున్నారని తెలియగానే కలకత్తాలో క్లైవుకి కబురు పెట్టాడు, మీరు రండి, ఖర్చు నాది అని. క్లైవు కర్నల్ ఫోర్డ్‌ని ఓడల మీద విశాఖపట్నం పంపాడు. ఫ్రెంచి వైపు రాజమండ్రి నుంచి కాన్‌ఫ్లాన్స్ బయల్దేరాడు. 1758 డిసెంబరులో ఎదురుపడ్డారు.

ఇక్కడే అసలు సంగతి. ఫోర్డ్ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని ఉన్నారు. ఎర్రకోటు అంటే తెల్లసైన్యం అని ఫ్రెంచివాళ్ల లెక్క. తెల్ల పటాలం నిలబడ్డచోట మనిషెత్తు చేను అడ్డం ఉండి కనపడలేదు. పక్కన ఎర్రకోట్ల సిపాయిల్ని చూసి ఫ్రెంచివాళ్లు అదే తెల్లసైన్యం అనుకుని మీద పడ్డారు. సిపాయిలు వెనక్కి తగ్గేసరికి గెలిచేశాం అని వరసలు వదిలేసి తరుముకుంటూ వచ్చారు. చేను వెనకనించి అసలు పటాలం బయటికొచ్చి పక్కనుంచి కాల్చింది. ముప్పై దాకా ఫిరంగులు వదిలేసి పారిపోయారు. కాన్‌ఫ్లాన్స్ గుర్రం మీద ఆ రాత్రికే రాజమండ్రి వచ్చిపడ్డాడు. కోటలో నిలబడి పోరాడే ధైర్యం లేక గోదారి దాటి మచిలీపట్నం పోయాడు. వెంట తరిమిన కెప్టెన్ నాక్స్‌కి కోట అప్పనంగా దొరికింది.

ప్లాసీ గురించి ప్రతి పిల్లాడూ చదువుతాడు. దక్షిణాదిలో ఫ్రెంచివాళ్ల కాళ్లకింద నేల కదిలింది మా చేలో అని మా ఊరి పిల్లలకే తెలియదు. నా బాధ అది.

గోదారిగట్టు
ఎర్రకోటు సంగతి మొదటిసారి వింటున్నాను. అంటే ఆ దెబ్బ కాచుకున్నది మన సిపాయిలు, పేరు ఫోర్డ్‌ది.

చందుర్తి_చిన్నోడు
అచ్చంగా. ఆనందరాజు సైన్యం కూడా వేలల్లో వచ్చింది. యుద్ధం అయ్యాక ఒప్పుకున్న డబ్బు ఇవ్వడానికి రాజుగారు బిగిసేసరికి ఫోర్డ్ వారాల తరబడి కదల్లేకపోయాడు. ఆ తర్వాత 1759 ఏప్రిల్లో రాత్రిపూట దాడిచేసి మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. దాంతో సర్కారుల్లో ఫ్రెంచి కథ ముగిసింది.

డబ్లిన్_తెలుగోడు
దీనికి ఇక్కడ ఐర్లండ్‌లో ఒక తోక ఉంది. కాండోర్‌లో పోరాడిన బెంగాల్ యూరోపియన్ పటాలమే తర్వాత రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలీర్స్ అయింది. వాళ్ల డిపో ట్రలీ ఊళ్లో ఉండేది. ఆ రెజిమెంటు గౌరవ చిహ్నాల్లో ప్లాసీ పక్కన కాండోర్, మసూలిపటం ఉన్నాయి. 1922లో ఐర్లండ్ విడిపోయినప్పుడు రెజిమెంటుని రద్దు చేశారు. ఇక్కడ సైనిక చరిత్ర పిచ్చి ఉన్న ఒక పెద్దాయనకి కాండోర్ మా జిల్లాలోదే అని చెప్తే కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపాడు.

చందుర్తి_చిన్నోడు
ఆయన్ని మా ఊరు తీసుకురండి. భోజనం మాది.

ధవళేశ్వరం_సత్యం
పొద్దుట్నుంచి చదువుతున్నాను. రాజమండ్రి, రాజమండ్రి, రాజమండ్రి. యుద్ధాల వరకూ సరే. కార్ఖానా అన్నారంటే మాత్రం మా ఊరు వదిలి మాట్లాడకండి. రాజమండ్రిలో మిల్లు అనే మాట పుట్టకముందే ధవళేశ్వరంలో కొలిమి మండింది.

1847లో కాటన్ దొర ఆనకట్ట పని మొదలెట్టాడు. 1852కి అయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద నాలుగు గోడలు. అడుగున రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసకే. ఇసకలోకి వరసగా బావులు దింపి, వాటి మీద గోడ లేపి, దిగువన పెద్దపెద్ద బండలు విడిగా పేర్చుకుంటూ పోయారు. వరదకి బండలు కూరుకుపోతే మళ్లీ వేసేవారు. నీటితో పోట్లాడకుండా దాన్ని లొంగదీసే పద్ధతి. తంజావూరు వైపు కల్లణై చూసి, కొళ్లిడం మీద పనిచేసి నేర్చుకున్నది. ఆ రాళ్లన్నీ మా కొండవే. ఇప్పుడు మా ఊళ్లో కొండకి ఒక పక్క కోసినట్టుంటుంది, చూడండి.

ఇంత పనికి ఇనుప సామాను ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే వర్క్‌షాపు. లాకుల తలుపులు, తూముల షట్టర్లు, పడవలు, వాటి బోల్టులూ మరలూ అక్కడే. మా తాతగారు ఆ వర్క్‌షాపులో పోతపని చేసేవారు. టేకుతో ప్యాటర్న్, అంటే పోత పోయాల్సిన వస్తువు నమూనా, చెక్కి, చెక్కపెట్టెలో తడి ఇసక దిమ్మిస చేసి, ప్యాటర్న్ తీశాక ఏర్పడ్డ గుల్లలోకి కరిగిన ఇనుము పోసేవారట. ఇసకలో తడి ఒక పిసరు ఎక్కువైతే ఆవిరి లేచి పోత పగిలిపోతుంది. పిడికెడు ఇసక పిండి, విరిచి, విరిగిన అంచు చూసి తడి లెక్క చెప్పేవారాయన. మీటరూ లేదు, గీటరూ లేదు.

సీతంపేట_శ్రీను
సత్యం గారూ మీ తాతగారి మాట ఇంకా రాయండి. ఇలాంటిది ఏ పుస్తకంలో ఉంటుంది?

లంకల_లక్ష్మి
కాటన్ ఫొటో మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది, మా నాన్న పెట్టింది, నేను తీయను. అయినా ఒక మాట. ఆనకట్ట అనగానే ఒక్క దొర పేరు చెప్పి ఆగిపోతున్నాం. వేలమంది కూలీలు ఎండాకాలం ఇసకలో నిలబడి కట్టారు. వాళ్ల పేర్లు ఎక్కడ? పనివాళ్లని కూడగట్టి దగ్గరుండి పని నడిపించిన వీణం వీరన్న గారి పేరు జిల్లాలో ఎంతమందికి తెలుసు?

ధవళేశ్వరం_సత్యం
మా ఊళ్లో తెలుసమ్మా. లాకుల దగ్గర ఆయన పేరు రాయి మీద ఉంది.

పాతకాగితం
ఇంకో కోణం కూడా చూడాలి. దొర జాలిపడి కట్టాడన్నంత వరకే ఆగితే సగమే తెలిసినట్టు. నందన కరువు 1832-33లో వచ్చింది. 1821లో జిల్లా జనాభా 7.38 లక్షలు ఉంటే 1841కి 5.61 లక్షలకి పడిపోయింది. పండించేవాడు లేకపోతే శిస్తు ఎవడిస్తాడు? కంపెనీ అధికారి మాంట్‌గొమరీ వచ్చి జిల్లా ఎందుకు దివాలా తీసిందో 1844లో నివేదిక ఇచ్చాడు. ఆ తర్వాతే కాటన్‌ని పంపారు. కంపెనీకి కావాల్సింది ఆదాయం. కాటన్‌కి నీళ్ల మీద నిజమైన పిచ్చి ఉంది, కంపెనీకి రూపాయి మీద ఉంది. రెండూ ఒకచోట కలిసాయి కాబట్టి పని అయింది.

లంకల_లక్ష్మి
రూపాయి కోసమే కట్టినా మా ముత్తాతలు అన్నం తిన్నారు. అది కూడా రాయండి.

పాతకాగితం
రాస్తాను, అది లేకుండా లెక్క పూర్తికాదు.

సీతంపేట_శ్రీను
కాటన్ సైనికుడని చాలామందికి గుర్తుండదు. మద్రాస్ ఇంజినీర్స్ అధికారి, బర్మా యుద్ధంలో పనిచేశాడు, చివరికి జనరల్ హోదా. ఈ థ్రెడ్‌లో సైన్యం, కార్ఖానా రెండూ కలిసిన మనిషి ఆయనే.

రైలుపిచ్చోడు
సత్యం గారు ఒక ముక్క వదిలేశారు, నేను అందుకుంటా. మనదేశంలో మొదటి రైలు 1853, బోరీబందర్ నుంచి ఠాణా అని బడిలో చదివాం. అది ప్రయాణికుల రైలు. అంతకుముందే ఆనకట్ట రాళ్ల కోసం ధవళేశ్వరంలో ఇనుప పట్టాలు వేసి వాటి మీద బళ్లలో బండలు తోలారు. మద్రాసు దగ్గర ఎర్రకొండల రైలు తర్వాత దేశంలో పాత పట్టాల్లో ఇదొకటి. ధవళేశ్వరంలో దీనికి ఒక గుర్తు, ఒక పలక పెట్టాలి కదా? నాకు ఈ విషయంలో నిజంగా కోపం ఉంది.

ధవళేశ్వరం_సత్యం
అలా రాయండి! పట్టాల సంగతి మా నాన్న చెప్పేవారు, మా మాస్టార్లు నమ్మేవారు కాదు.

కొవ్వూరోడు
రైలు అన్నారు కాబట్టి హేవ్‌లాక్ వంతెన. 1897లో మొదలు, 1900లో పూర్తి. 56 ఖానాలు, రెండున్నర కిలోమీటర్లు దాటిన పొడవు. అది లేనంతకాలం మద్రాసు నుంచి కలకత్తా దారి మా ఊళ్లో తెగిపోయేది, గోదారిని పడవ మీద దాటాల్సిందే. వంతెన పడ్డాక రేవు పని అయిపోయింది. నేను ఇంతకుముందు చెప్పిన రేవు లెక్క 1900తో సరి. మావైపు పడవల మీద బతికినవాళ్లు చాలామంది వంతెన రోజుల్లోనే వేరే పనులకి మళ్లారు.

రైలుపిచ్చోడు
1997లో దాని మీద బండ్లు ఆపేశారు. కమాన్ల వంతెన అదే ఏడు వాడకంలోకి వచ్చింది. మధ్యలో 1974 రోడ్డు కమ్ రైలు వంతెన. పక్కపక్కనే మూడు తరాల ఇంజినీరింగు నిలబడి ఉంది. హేవ్‌లాక్ మీద రైలు వెళ్తుంటే వచ్చే చప్పుడు వేరు, ఎక్కినవాళ్లకి తెలుసు.

మిల్లుకాలనీ_మూర్తి
పేపర్ మిల్లుకి సగం వాక్యమా! 1924లో కర్నాటిక్ పేపర్ మిల్స్ పేరుతో మొదలైంది. 1953లో ప్రభుత్వం తీసుకుంది. 1964లో బంగూర్‌లకి వెళ్లింది. 2011లో అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ పేపర్, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్. ఇప్పుడు ఆంధ్రా పేపర్. తెలుగువాళ్లు రాసుకున్న నోటుపుస్తకాల్లో ఎన్ని ఆ కాగితమో! మా నాన్న చిప్పర్ దగ్గర, అంటే వెదురుని ముక్కలు కొట్టే యంత్రం దగ్గర, పనిచేశారు. వెదురు కణుపు దగ్గర గట్టిగా ఉంటుంది, అక్కడ బ్లేడు మొద్దుబారితే ముక్క సమంగా రాదు. ముక్క సమంగా లేకపోతే కాస్టిక్‌లో ఉడికినప్పుడు కొంత మెత్తబడి కొంత పుల్లలాగే ఉండిపోతుంది. చిప్పర్ చప్పుడు మారితే చాలు, ఇంట్లో అన్నం తింటున్నా, బ్లేడు మార్చాలి అనేవారు.

సీతంపేట_శ్రీను
రాజమండ్రిలోనే ఎందుకు పెట్టారు? మద్రాసు మార్కెట్ దూరం కదా.

మిల్లుకాలనీ_మూర్తి
పైన అడవి, మధ్యలో ఏరు, పక్కన రైలు. వెదురు తెప్పలు కట్టి గోదారిలో వదిలితే రేవుకి చేరతాయి. గుజ్జు కడగడానికి నీళ్లకి కొదవలేదు. తయారైన కాగితం రైలెక్కుతుంది. మూడూ ఒకచోట దొరికే ఊరు ఇంకెక్కడుంది?

గోదారిగట్టు
కొవ్వూరోడు గారు సైన్యాలకి చెప్పిన కారణమూ ఇదేగా. కొండలు వదిలి నది మైదానంలోకి వచ్చే చోటు. అక్కడే కోట, అక్కడే ఆనకట్ట, అక్కడే వంతెన, అక్కడే మిల్లు.

ఏజెన్సీ_మాస్టారు
ఆ పైన అడవి అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. నేను రంపచోడవరం వైపు బళ్లో పనిచేశాను. మీరు కిందనుంచి చూస్తున్నారు, పైనుంచి కూడా ఒకసారి చూడండి.

1879లో రంప పితూరీ, అంటే కొండవాళ్ల తిరుగుబాటు. తాటికల్లు, జీలుగుకల్లు మీద చిగురుపన్ను, మన్సబుదారు (ఆ కొండ ప్రాంతపు జమీందారు) దోపిడీ, పోలీసుల వసూళ్లు. మద్రాసు పదాతి దళాలు ఆరు, సాపర్లు (సైన్యంలో ఇంజినీరింగు దళం), గుర్రపు దళం, ఇంతమందిని దింపారు. 1922 ఆగస్టులో సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు వరసగా మూడు రోజుల్లో కొట్టాడు. అసలు కారణాల్లో అడవి చట్టం ఒకటి, నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డు పనిలో కూలీల్ని కుక్కి డబ్బులు ఎగ్గొట్టడం ఇంకోటి. మలబార్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చింది. పట్టుబడ్డవాళ్లని తోలుకొచ్చింది మీ రాజమండ్రి జైలుకే. మా పిల్లలు ఆ జైలు గోడని ఆ లెక్కన చూస్తారు.

రాజుని 1924 మే నెలలో కొయ్యూరు దగ్గర చంపారు. మూర్తి గారు చెప్పిన మిల్లు కూడా 1924. ఏ అడవి కోసం మా వాళ్లు ప్రాణాలు ఇచ్చారో ఆ అడవి వెదురుని కాగితం చేసే మిల్లు అదే ఏడాది మొదలైంది. ఒకదానికి ఇంకోటి కారణం అనను. కానీ ఆ రెండు తేదీల్ని పక్కపక్కన రాసిన చరిత్ర నేను ఇంతవరకు చూడలేదు.

మిల్లుకాలనీ_మూర్తి
మాస్టారూ, మా నాన్న కూలివాడే. పల్లెనుంచి వచ్చి మిల్లులో చేరి మమ్మల్ని చదివించాడు. మిల్లు లేకపోతే నేను లేను. మీ మాట కాదనను, కానీ తేదీలు కలిసినంత మాత్రాన మిల్లు వాళ్ల రక్తం మీద నిలబడిందన్నట్టు చదవకండి. తర్వాత అడవి వెదురు తగ్గించి రైతుల దగ్గర సరుగుడు, సుబాబుల్ కొనడం కూడా జరిగింది.

ఏజెన్సీ_మాస్టారు
మీ నాన్నగారి మీద నాకు గౌరవమే. నేను అడిగేది ఒక్కటే. కాగితం కథ మిల్లు గేటు దగ్గర మొదలవకూడదు, వెదురు కొట్టిన చోట మొదలవ్వాలి. కొట్టినవాడికి ఎంత ముట్టిందో కూడా రాయాలి.

మిల్లుకాలనీ_మూర్తి
ఒప్పుకున్నా. రాయాల్సిందే.

పాతకాగితం
మాస్టారు పైనుంచి చూడమన్నారు కాబట్టి దుమ్ముగూడెం. ఆనకట్ట అయ్యాక కాటన్ ఆశ ఇంకా పెద్దది. గోదారిని నాగపూర్, బేరారు (ఇప్పటి విదర్భ) వైపు దాకా పడవలదారి చేయాలని. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండ్ మిల్లులకి పత్తి ఆగిపోయింది. బేరారు పత్తిని గోదారి మీద కాకినాడకి దింపితే చాలనుకున్నారు. మధ్యలో రాళ్లదిబ్బలు మూడుచోట్ల అడ్డం. దుమ్ముగూడెం దగ్గర ఇంజినీరు హేగ్ ఆధ్వర్యంలో ఆనకట్టా లాకులూ కట్టారు. ఈలోగా బొంబాయి వైపు నుంచి రైలు బేరారులోకి వెళ్లిపోయింది. 1871లో పని ఆపేశారు. రాజమండ్రి, ధవళేశ్వరం పెద్ద నదీ రేవులయ్యే అవకాశం అక్కడ జారిపోయింది.

రైలుపిచ్చోడు
రైలు మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా ఇక్కడ కాటన్ వైపే నేను. నీటిదారి చవక. ఇంగ్లండ్ వెళ్లాక కూడా ఆయన రైళ్లకంటే కాలవలు కావాలని పోట్లాడుతూనే ఉన్నాడు.

పాతకాగితం
చవకే, కానీ ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లు. మేలో ఇసకతిన్నెల మీద స్టీమరు ఎలా నడుస్తుంది? రైలుకి ఎండాకాలం లేదు. ఈ విషయంలో కాటన్ పట్టుదల నాకు మింగుడుపడదు.

లంకల_లక్ష్మి
డెల్టాలో మాత్రం కాలవలు బాగానే నడిచాయిగా. కాకినాడలో పడవెక్కితే ఏలూరు కాలవ, బెజవాడ, కొమ్మమూరు, బకింగ్‌హాం మీదుగా మద్రాసు దాకా. మా అమ్మమ్మ సారె కాలవ పడవ మీద వచ్చిందట. ధాన్యం, కొబ్బరికాయ, బెల్లం, సున్నం, పెళ్లివారు అన్నీ పడవలే.

ఇంకుమరక
పెద్ద మిల్లుల మధ్య చిన్న పని మర్చిపోకండి. కోటగుమ్మం దగ్గరే రత్నం పెన్నులు. స్వదేశీ వస్తువు ఏదైనా చేయమని గాంధీగారు అన్నమాట పట్టుకుని కె.వి. రత్నం గారు 1930లలో ఫౌంటెన్ పెన్ను తయారుచేశారు. ఎబొనైట్ (గట్టి రబ్బరు) కడ్డీని లేతు మీద పెట్టి చేత్తో తిప్పి, మర కోసి, మెరుగుపెట్టేవారు. ఆ పెన్ను మూత తిప్పుతుంటే ఎక్కడా పట్టదు, వదులూ ఉండదు. మా ఊళ్లోనే కాగితమూ మా ఊళ్లోనే పెన్నూ.

కోటగుమ్మం_కుర్రోడు
నేను రోజూ ఆ పక్కనుంచే వెళ్తాను! ఇంకుమరక గారికి దండం.

తాడితోట_బుజ్జి
1947లో పెట్టిన పొగాకు పరిశోధన కేంద్రం, బొమ్మూరు హార్లిక్స్ ఫ్యాక్టరీ, ఓఎన్‌జీసీ, విజ్జేశ్వరం, జేగురుపాడు గ్యాస్ కరెంటు. ఇవన్నీ ఎవరూ అనలేదు. ఊరు పేపర్ మిల్లుతో ఆగిపోలేదు.

పాతకాగితం
అవి మనం బతికిన కాలం, రాసేవాళ్లు దొరుకుతారు. ముందు పోయేవి పట్టుకుందాం.

సీతంపేట_శ్రీను
యుద్ధం మళ్లీ ఒక్కసారి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ భయం గురించి చెప్పేవారు. కాకినాడలో పడితే వంతెన మీద పడదని ఏముంది అని దీపాలు ఆర్పేసుకుని కూర్చునేవారట.

కోటగుమ్మం_కుర్రోడు
ఇంత వస్తుందనుకోలేదు. ఇక పని చూద్దాం. కరపత్రం వేసినవాళ్లకి 1602 సంగతి నేను రాతపూర్వకంగా పంపుతాను, శారద గారు ఒకసారి చూసిపెట్టాలి. సత్యం గారూ, వర్క్‌షాపు తాలూకు కాగితాలు, ఫొటోలు మీ ఇంట్లో ఉంటే స్కాన్ చేద్దాం. మాస్టారు వెదురు కొట్టినవాళ్ల మాటలు రికార్డు చేయించగలరా? ఆ తరం వెళ్లిపోతోంది.

ఏజెన్సీ_మాస్టారు
నా పాత విద్యార్థులు ఇద్దరు ఆ ఊళ్లలోనే ఉన్నారు. ఫోన్లో రికార్డు చేయమంటాను. కోయ, కొండరెడ్డి పెద్దలు వాళ్ల మాటల్లోనే చెప్పాలి, మనం దిద్దకూడదు.

ధవళేశ్వరం_సత్యం
తాతగారి ప్యాటర్న్ ఒకటి అటక మీద ఉంది. టేకుది, షట్టరు మర చక్రం తాలూకుది. ఫొటో పెడతాను. కాటన్ మ్యూజియంకి ఇవ్వాలని మా అన్నయ్య అంటున్నాడు, నేనూ సరే అన్నాను. పాత ఆనకట్ట పోయి 1970ల్లో మొదలై బ్యారేజీ వచ్చింది. 175 గేట్లు, అందులో 70 మా ధవళేశ్వరం వైపే. అవన్నీ ఎవరు చేశారో కూడా రాసుకోవాలి.

చందుర్తి_చిన్నోడు
మా ఊళ్లో చిన్న రాయి పెట్టించే ప్రయత్నం చేస్తున్నాం. మీద ఫోర్డ్ పేరూ కాన్‌ఫ్లాన్స్ పేరూ ఉంటాయి. ఎర్రకోట్లు తొడుక్కుని నిలబడ్డ సిపాయిల మాట మొదటి వరసలో ఉండాలని నేను పట్టుబడుతున్నాను.

డబ్లిన్_తెలుగోడు
దానికి నా వంతు చందా రాసుకోండి.

యానాం_యానాదిరావు
అందరూ నది మీదే ఉన్నారు, సముద్రం దాకా రాలేదు. నరసాపురంలో 17వ శతాబ్దంలో ఓడలు కట్టారు, గోదారి టేకుతో. కోరంగిలో ఓడలు బాగుచేసే రేవు ఉండేది, 1839 తుపానుకి ఊరే కొట్టుకుపోయింది. పైనుంచి దిగిన కలప ఎక్కడికి వెళ్లిందో తెలియకపోతే రాజమండ్రి కథ సగమే.

కొవ్వూరోడు
కోరంగిని ఇందులో కలిపితే రెండూ తేలవు. వేరే థ్రెడ్ తెరవండి యానాదిరావు గారూ, నేనూ శారద గారూ అక్కడికి వస్తాం.

యానాం_యానాదిరావు
తెరిచాను. కోరంగి ఓడలు అని ఉంది, రండి.